ఉష్ణమండలంలో డెంగీ ఎందుకు పెరుగుతోంది: తరచుగా అడిగే ప్రశ్నలు

డెంగీ గురించి రెండు రకాల ప్రశ్నలు వస్తుంటాయి. ఇంట్లో ఒకరికి జ్వరం తగిలాక కంగారుగా అడిగేవి కొన్ని, వార్తల్లో కేసుల లెక్కలు చూసి అడిగేవి కొన్ని. ఈ పేజీలో ఎక్కువ చోటు రెండో రకానికే ఇచ్చాను. ఈ జబ్బు ఎందుకు పెరుగుతోంది, ఒక ఏడాది అణిగి మరో ఏడాది ఎందుకు విరుచుకుపడుతోంది అన్నది అర్థం కాకపోతే, చేసే పనులన్నీ కేసులు వచ్చి మీద పడ్డాకే చేస్తాం. ఇప్పుడు మీ ఇంట్లో జ్వరంతో ఉన్న మనిషి ఉంటే మాత్రం ముందు "జ్వరం తగ్గింది, గండం గడిచినట్టేనా?" అన్న ప్రశ్న దగ్గరికి వెళ్ళండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

డెంగీ నిజంగానే పెరుగుతోందా? పరీక్షలు ఎక్కువయ్యాయి కాబట్టి ఎక్కువగా కనిపిస్తోందా?

రెండూ జరుగుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు 2000లో అందిన కేసులు 5 లక్షల పైచిలుకు. 2019లో అవి 52 లక్షలయ్యాయి. 2023లో 65 లక్షలు, 2024లో 1.4 కోట్లు దాటాయి. ఇందులో కొంత మెరుగైన నమోదు వల్ల వచ్చిన పెరుగుదలే. ఒకప్పుడు విషజ్వరమని రాసి వదిలేసిన జ్వరాలకు ఇప్పుడు అరగంటలో ఫలితమిచ్చే కిట్లున్నాయి. లెక్కలు పంపే దేశాలూ పెరిగాయి.

కానీ పరీక్షల పేరు చెప్పి కొట్టిపారేయలేని సంగతులు రెండున్నాయి. మొదటిది, డెంగీ ఎరగని చోట్లకు అది చేరడం. నేపాల్‌లో తొలి కేసు 2004లో బయటపడింది. 2022లో అక్కడ 54 వేలకు పైగా కేసులు, 88 మరణాలు నమోదయ్యాయి. కొండల మధ్య చల్లగా ఉండే ఖాట్మండూ లోయలోనే బోలెడు కేసులు వచ్చాయి. ఆఫ్రికాలో చాద్ దేశం 2023లో తొలిసారి డెంగీ వ్యాప్తిని ప్రకటించింది. రెండోది, మరణాలు. బంగ్లాదేశ్‌లో 2022లో డెంగీతో 281 మంది చనిపోగా, 2023లో 1,705 మంది చనిపోయారు. కిట్లు పెరిగినంత మాత్రాన ఏడాదిలో చావులు ఆరింతలు కావు.

నమోదైన కేసులే అసలు లెక్కా?

కాదు, దరిదాపుల్లో కూడా ఉండదు. 2013లో వెలువడిన ఒక ప్రసిద్ధ అంచనా ప్రకారం ఏటా దాదాపు 39 కోట్ల మందికి ఈ వైరస్ సోకుతోంది. వాళ్ళలో జబ్బు పైకి కనిపించేది 9.6 కోట్ల మందికే. అంటే నలుగురిలో ముగ్గురికి తమకు సోకిందన్న సంగతే తెలియదు. అలాంటివాళ్ళను కుట్టిన దోమ కూడా వైరస్‌ను మరొకరికి అంటించగలదు. జ్వరం వచ్చినవాళ్ళ ఇళ్ళ చుట్టూ మాత్రమే తిరిగితే వ్యాప్తి ఆగకపోవడానికి కారణం ఇదే.

ఒక ఏడాది విరుచుకుపడి, రెండు మూడేళ్ళు అణిగి, మళ్ళీ ఎందుకు వస్తుంది?

డెంగీ లెక్కలన్నింటికీ ఇది తాళంచెవి లాంటి ప్రశ్న, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి: డెన్-1, డెన్-2, డెన్-3, డెన్-4. ఒక రకం సోకి తగ్గినవారికి ఆ రకం నుంచి జీవితాంతం రక్షణ ఉంటుంది. మిగతా మూడింటి నుంచి కూడా కొన్ని నెలలు, కొందరిలో ఏడాది రెండేళ్ళు, ఎంతో కొంత రక్షణ దొరుకుతుంది. ఆ తర్వాత అది పోతుంది.

ఒక నగరంలో డెన్-2 రెండు సీజన్లు తిరిగిందనుకుందాం. చాలామందికి సోకేసరికి దోమకు దొరికే కొత్త మనుషులు తగ్గుతారు, కేసులు పడిపోతాయి. దోమల నివారణ కార్యక్రమం ఫలించిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈలోగా పిల్లలు పుడతారు, పని కోసం కొత్తవాళ్ళు వచ్చి చేరతారు, పాతవాళ్ళలో ఆ తాత్కాలిక రక్షణ తరిగిపోతుంది. అంతవరకూ ఎక్కడో అడపాదడపా కనిపించిన డెన్-3 అప్పుడు లేస్తుంది. లేదా ఏళ్ళ తరబడి అక్కడ జాడలేని రకం ఎవరో ప్రయాణికుడి రక్తంలో వచ్చి దిగుతుంది. దానిని అడ్డుకునే రక్షణ జనంలో ఉండదు. శ్రీలంకలో 2017లో సరిగ్గా ఇదే జరిగింది. చాలా ఏళ్ళు అరుదైపోయిన డెన్-2 తిరిగొచ్చి, ఒక్క ఏడాదిలో 1.86 లక్షల కేసులకు, 400కు పైగా మరణాలకు కారణమైంది.

అందుకే డెంగీ గ్రాఫు ఎత్తుపల్లాలుగా ఉంటుంది. ఎత్తులే వార్తల్లోకి ఎక్కుతాయి. నా మటుకు నేను పల్లాలను చూస్తాను. అమెరికా ఖండాల్లో 2019లో దాదాపు 31 లక్షల కేసులు వస్తే అప్పటికి అది రికార్డు. 2023లో 45 లక్షలు, 2024లో 1.3 కోట్లు దాటాయి. 2025లో బాగా దిగాయి, నిజమే. కానీ దిగిన ఆ అంకె కూడా 2019లో రికార్డు అనుకున్నదాని కంటే ఎక్కువే. జబ్బు నిజంగా ఎంత పెరిగిందో ఈ పల్లాలే చెబుతాయి.

రెండోసారి సోకితే ఎందుకు ఎక్కువ ప్రమాదం?

మొదటి సోకుడు వల్ల తయారైన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) వేరే రకం వైరస్‌కు అతుక్కుంటాయి, కానీ దాన్ని పూర్తిగా అణచలేవు. అలా సగం పట్టుబడిన వైరస్‌ను కొన్ని తెల్ల రక్తకణాలు లోపలికి లాక్కుంటాయి. దాన్ని చంపాల్సిన చోటే వైరస్ పెరగడం మొదలెడుతుంది. 1960ల్లో బ్యాంకాక్‌లో పనిచేసిన అమెరికన్ వైద్యుడు స్కాట్ హాల్‌స్టెడ్ ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. చాలా ఏళ్ళు దీనిమీద వాదోపవాదాలు నడిచాయి.

దీనికి దొరికిన గట్టి సాక్ష్యం క్యూబా. అది ద్వీపం కావడం, రికార్డులు పద్ధతిగా ఉండడం వల్ల ఏ రకం ఎప్పుడు వచ్చిందో స్పష్టంగా తెలుసు. 1977లో అక్కడ డెన్-1 దేశమంతా పాకింది, జబ్బు తేలిగ్గానే పోయింది. 1981లో డెన్-2 వచ్చింది. 3.44 లక్షల కేసులు, 158 మరణాలు. చనిపోయినవాళ్ళలో 101 మంది పిల్లలు. కానీ ఏడాది రెండేళ్ళ పసివాళ్ళలో తీవ్రమైన జబ్బు చాలా అరుదుగా కనిపించింది. వాళ్ళు పుట్టేనాటికి డెన్-1 వచ్చి వెళ్ళిపోయింది కాబట్టి వాళ్ళకిది మొదటి సోకుడే. 1997లో డెన్-2 శాంతియాగో దె కూబా నగరానికి మళ్ళీ వచ్చినప్పుడు విషమించినవాళ్ళు దాదాపు అందరూ పెద్దవాళ్ళు, ఇరవై ఏళ్ళ కిందట డెన్-1 సోకినవాళ్ళు. ఆ రెండు దశాబ్దాల్లో పుట్టిన పిల్లలు తేలిగ్గా బయటపడ్డారు.

రెండోసారి వచ్చిన ప్రతివారికీ విషమిస్తుందని దీని అర్థం కాదు. ఎక్కువమంది మామూలుగానే కోలుకుంటారు.

అయితే మొదటిసారి కాబట్టి భయం లేదనుకోవచ్చా?

అనుకోకూడదు. మొదటిసారి సోకినవాళ్ళలో కూడా జబ్బు ముదిరి చనిపోయినవాళ్ళున్నారు. పైగా ఇది మొదటిసారో కాదో చాలామందికి తెలియదు, ఎందుకంటే మొదటిది జ్వరమే లేకుండా పోయి ఉండొచ్చు. మధుమేహం, కిడ్నీ జబ్బు, ఊబకాయం ఉన్నవారూ గర్భిణులూ మరింత జాగ్రత్తగా ఉండాలి. తల్లి నుంచి అందిన ప్రతిరక్షకాలు తరిగిపోతున్న నెలల పిల్లలకూ ప్రమాదమెక్కువ.

కరోనా ఏళ్ళలో డెంగీ తగ్గిందెందుకు?

చాలాచోట్ల తగ్గింది. భారతదేశంలో 2020లో నమోదైన కేసులు 44,585 మాత్రమే. 2021లో 1.93 లక్షలు, 2023లో 2.89 లక్షలు అయ్యాయి. జనం ఆసుపత్రికి వెళ్ళడానికి భయపడటం వల్ల కొంత లెక్క తప్పి ఉండొచ్చు. రాకపోకలు ఆగిపోవడం వల్ల వైరస్ ఒక చోటి నుంచి మరో చోటికి ప్రయాణించడం నిజంగానే తగ్గింది కూడా. బడులు, ఆఫీసులు, బస్టాండ్లు పగటిపూట జనాన్ని ఒకచోట కలిపే తావులు, డెంగీని మోసే ఈడిస్ దోమ కుట్టేది పగటిపూటే.

సింగపూర్‌లో మాత్రం దీనికి తలకిందులుగా జరిగింది. అక్కడ 2020లో 35 వేలకు పైగా కేసులు వచ్చాయి, అప్పటికి అది ఆ దేశపు రికార్డు. దోమ ఇళ్ళలోనే పెరిగే చోట మనుషులు రోజంతా ఇంట్లో ఉంటే కాట్లు పెరుగుతాయి. అదే సమయంలో వైరస్ రకం కూడా మారింది. ఒకే లాక్‌డౌన్ రెండు చోట్ల రెండు ఫలితాలిచ్చిందంటే, డెంగీకి ఒకే కారణం చెప్పే మాటలను ఎంత జాగ్రత్తగా వినాలో తెలుస్తుంది.

వాతావరణ మార్పే అసలు కారణమా?

పెద్ద కారణాల్లో ఒకటి. అదొక్కటే కాదు. జబ్బు మనిషిని కుట్టిన దోమ వెంటనే మరొకరికి అంటించలేదు. వైరస్ దాని కడుపులో పెరిగి లాలాజల గ్రంథులకు చేరాలి. ఆ ప్రయాణానికి 25 డిగ్రీల దగ్గర సగటున పదిహేను రోజులు పడితే, 30 డిగ్రీల దగ్గర వారం సరిపోతుంది. ఆడ దోమ బతికేది రెండు మూడు వారాలే అనుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో చూడండి. చల్లని చోట వైరస్ తయారయ్యేలోపు చాలా దోమలు చచ్చిపోతాయి. వెచ్చని చోట అదే దోమకు ఇంకొందరిని కుట్టే వ్యవధి మిగులుతుంది. అలాగని ఎండ ముదిరేకొద్దీ డెంగీ పెరుగుతూనే పోదు. 29 డిగ్రీల ప్రాంతంలో వ్యాప్తి ఉచ్చస్థాయికి చేరి, 34 దాటాక పడిపోతుంది. అందుకే ఇప్పటికే మండిపోయే మైదానాల్లో కంటే, నిన్నటిదాకా చల్లగా ఉన్న కొండ పట్టణాల్లో మార్పు కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

2023లో పెరూలో యాకూ తుఫాను కుండపోత వానలు తెచ్చింది. ఆపై సముద్రం వేడెక్కి ఉష్ణోగ్రతలు పెరిగాయి. ఆ ఏడాది అక్కడ 2.5 లక్షలకు పైగా కేసులు వచ్చాయి. 2023-24 ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి వాతావరణం తారుమారయ్యే పరిణామం) బ్రెజిల్‌లోనూ అగ్గికి గాలి తోడైనట్టు పనిచేసింది. 2024లో ఆ ఒక్క దేశంలోనే 65 లక్షల దాకా కేసులు, 6 వేల దాకా మరణాలు.

అయితే ఈ దేశాలన్నింటిలో వాతావరణం కంటే ముందు మారినవి నగరాలు. కుళాయి రోజూ రాని పేటలు పెరిగాయి, చెత్త ఎత్తని సందులు పెరిగాయి, వాడి పారేసిన ప్లాస్టిక్ డబ్బాలు, టైర్లు కుప్పలు పడ్డాయి. ఆడ దోమకు చెంచాడు నీళ్ళు చాలు. వాతావరణం మీద నెపం పెట్టి నీటి సరఫరా సంగతి మరిచిపోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. ఒక పురపాలక సంఘం భూగోళం ఉష్ణోగ్రతను మార్చలేదు, పేటకు రోజూ నీళ్ళివ్వడం మాత్రం దాని చేతిలో పనే.

వానలు లేని నెలల్లో కూడా కేసులెందుకు వస్తాయి?

నీటి ఎద్దడి ఉన్నచోట జనం నీళ్ళు పట్టి దాచుకుంటారు. డ్రమ్ములు, తొట్లు, సంపులు మూతల్లేకుండా ఉంటే వర్షంతో పనిలేకుండానే దోమలు పుడతాయి. కరువు ఏడాదిలో డెంగీ పెరిగిన సందర్భాలు బ్రెజిల్‌తో సహా చాలాచోట్ల ఉన్నాయి.

ఈ దోమ ప్రత్యేకత ఏమిటి?

పేరు ఈడిస్ ఈజిప్టై. నల్లని ఒంటిమీద, కాళ్ళమీద తెల్ల చారలుంటాయి. మురుగు కాలువల్లో పెరిగే దోమ వేరు. ఇది మనం శుభ్రంగా పట్టి ఉంచుకున్న నీళ్ళను ఇష్టపడుతుంది.

సగం నీళ్ళున్న ప్లాస్టిక్ డ్రమ్మును ఒకసారి లోపలికి తొంగిచూడండి. నీటి మట్టానికి అంగుళం పైన, ఇంకా చెమ్మగా ఉన్న గోడమీద నల్లటి సన్నని చుక్కలు వరసగా కనిపిస్తే అవి ఈడిస్ గుడ్లు కావొచ్చు. ఆడ దోమ వాటిని నీటిలో వదలదు, ఒక్కొక్కటిగా గోడకు అతికిస్తుంది. పైగా అన్నీ ఒకేచోట పెట్టదు. కొన్ని ఈ డ్రమ్ములో, కొన్ని పూలకుండీ కింది పళ్ళెంలో, కొన్ని మూలపడ్డ టైరులో. డ్రమ్ము ఎండిపోయినా గుడ్లు చావవు, నెలల తరబడి అలాగే ఉంటాయి. మళ్ళీ నీళ్ళు నింపి మట్టం ఆ చుక్కల దాకా లేచిన రోజే పురుగులు బయటికొస్తాయి. వారం పది రోజుల్లో దోమలై ఎగురుతాయి. కాబట్టి నీళ్ళు పారబోస్తే పని సగమే అయినట్టు. లోపలి గోడను బ్రష్షుతో గట్టిగా తోమి కడగాలి, వారానికోసారి చేయాలి.

మరో సంగతి. ఈ దోమ చాలావరకూ పుట్టిన చోటికి వంద, రెండువందల మీటర్ల లోపే తిరుగుతుంది. మీ ఇంట్లో కుట్టిన దోమ మీ ఇంట్లోనో పక్కింట్లోనో పుట్టి ఉంటుంది. కుట్టేటప్పుడు కాస్త కదిలినా లేచిపోయి మరొకరి మీద వాలుతుంది. ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు వారంలోపే పడకేయడానికి ఒక్క దోమ చాలు.

పొగ కొడితే దోమలు పోవా?

ఫాగింగ్ బండి వచ్చి వెళ్తే ఏదో జరిగిందన్న తృప్తి కలుగుతుంది. ఆ పొగ గాలిలో ఎగురుతున్న దోమకు తగిలితేనే చస్తుంది. ఈడిస్ దోమ పగలు ఎగిరే సమయం పోగా మంచం కింద, కర్టెన్ల వెనక, బట్టల మడతల్లో కూర్చుంటుంది. రోడ్డుమీది పొగ అక్కడికి చేరదు, జనం కూడా బండి రాగానే తలుపులు మూసుకుంటారు. గుడ్లకూ నీటిలోని పురుగులకూ దానివల్ల ఏమీ కాదు. రెండు రోజుల్లో కొత్త దోమలు లేస్తాయి. దీనికి తోడు, ఏళ్ళ తరబడి ఒకే జాతి పైరెత్రాయిడ్ మందులు వాడటంతో దోమలు వాటికి అలవాటుపడిపోయాయి. ఆగ్నేయాసియాలోనూ లాటిన్ అమెరికాలోనూ ఈ నిరోధకత బాగా ముదిరింది. వ్యాప్తి జోరుగా ఉన్నప్పుడు ఇళ్ళ లోపల సరైన మందు కొట్టడానికి విలువుంది. వీధుల్లో పొగ కొట్టడమే కార్యక్రమమైతే డబ్బు వృథా.

ఒకప్పుడు ఈ దోమను పూర్తిగా నిర్మూలించారట, నిజమేనా?

నిజమే. పచ్చకామెర్ల జ్వరంగా మనవాళ్ళు పిలిచే ఎల్లో ఫీవర్‌కు కూడా ఈ దోమే వాహకం. దాన్ని అంతం చేయాలని అమెరికా ఖండాల దేశాలు 1940ల చివర్లో నడుం కట్టాయి. డీడీటీ అనే పురుగుమందు ఒక్కటే ఆ పని చేయలేదు. ఇంటింటికీ తిరిగే తనిఖీదారులు, వాళ్ళ పనిని మళ్ళీ తనిఖీ చేసే పై అధికారులు, ఒక్క తొట్టి కూడా వదలని క్రమశిక్షణ అందుకు కారణం. 1958లో బ్రెజిల్‌ను ఈ దోమ లేని దేశంగా ప్రకటించారు. 1960ల మొదట్లో ఆ ఖండాల్లో మరెన్నో దేశాలు ఆ స్థితికి చేరాయి. జబ్బు కనిపించకపోయేసరికి నిధులు తగ్గించారు, సిబ్బందిని వేరే పనులకు మళ్ళించారు. పొరుగు దేశాల్లో దోమ మిగిలే ఉంది. 1970ల్లో తిరిగొచ్చింది, ఈసారి అప్పటికంటే ఎన్నో రెట్లు పెరిగిన నగరాల్లోకి.

దోమలు బాగా తక్కువగా ఉన్న సింగపూర్‌లో కూడా డెంగీ ఎందుకొస్తోంది?

అక్కడ 1970ల నుంచి ఇళ్ళ తనిఖీ పకడ్బందీగా జరిగింది, దోమ పురుగులున్న ఇళ్ళు నూటికి రెండు మూడుకు పడిపోయాయి. పదిహేనేళ్ళు డెంగీ అదుపులో ఉంది. ఆ పదిహేనేళ్ళలో పెరిగిన తరానికి వైరస్ సోకలేదు, కాబట్టి రక్షణా లేదు. అలాంటి జనంలో కొద్దిపాటి దోమలే చాలు వ్యాప్తికి. దోమల నియంత్రణ దండగ అని దీన్నుంచి తేల్చేవాళ్ళతో నేను ఏకీభవించను. అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. దానితోపాటు మరో ఆయుధం కావాలని మాత్రం ఇది చెబుతుంది.

వోల్బాకియా దోమలంటే ఏమిటి?

వోల్బాకియా అనేది ఎన్నో కీటకాల్లో సహజంగా ఉండే బాక్టీరియా. ఈడిస్ ఈజిప్టైలో సహజంగా ఉండదు. దాన్ని ఆ దోమలోకి ఎక్కిస్తే దోమ ఒంట్లో డెంగీ వైరస్ సరిగా పెరగదు. తల్లి నుంచి పిల్లలకు బాక్టీరియా సంక్రమిస్తుంది కాబట్టి కొన్ని నెలలు అలాంటి దోమలను వదిలితే ఆ ప్రాంతపు దోమలన్నీ క్రమంగా ఆ జాతే అవుతాయి. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో నగరాన్ని ముక్కలుగా విభజించి కొన్నిచోట్ల మాత్రమే వదిలి చూశారు. వదిలిన చోట్ల డెంగీ 77 శాతం, ఆసుపత్రిలో చేరికలు 86 శాతం తగ్గాయని 2021లో ఫలితాలు వచ్చాయి. సింగపూర్ వేరే దారి పట్టింది. అక్కడ వోల్బాకియా ఉన్న మగ దోమలనే వదులుతారు. వాటితో జతకట్టిన మామూలు ఆడ దోమల గుడ్లు పొదగవు, దోమల సంఖ్యే పడిపోతుంది.

దోమలను పోగొట్టమంటే దోమలను వదులుతారేమిటని జనం ఆందోళన పడటం సహజం. ముందే ఇంటింటికీ వెళ్ళి వివరించిన చోట్లే ఈ పని సాఫీగా సాగింది.

టీకా ఉందా?

ఉంది, కానీ అందరికీ ఒకే జవాబు లేదు. మొదటి టీకా డెంగ్‌వాక్సియా. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి 8 లక్షల మందికి పైగా బడిపిల్లలకు వేశారు. అప్పటిదాకా డెంగీ సోకని పిల్లలకు ఈ టీకా వేస్తే, తర్వాత నిజంగా సోకినప్పుడు జబ్బు తీవ్రమయ్యే ముప్పు పెరుగుతుందని 2017 నవంబరులో తయారీ సంస్థ సనోఫీ ప్రకటించింది. పైన చెప్పిన రెండో సోకుడు కథే ఇది, టీకా మొదటి సోకుడు పాత్ర పోషించింది. అక్కడ తల్లిదండ్రుల నమ్మకం ఎంత దెబ్బతిన్నదంటే, మిగతా టీకాలు వేయించడానికి కూడా చాలామంది వెనకాడారు.

రెండో టీకా జపాన్ సంస్థ టకేడా తయారుచేసిన క్యూడెంగా. మూడు నెలల తేడాతో రెండు మోతాదులు. వ్యాప్తి ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 6 నుంచి 16 ఏళ్ళ వారికి వేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. బ్రెజిల్‌లోని బుటాంటన్ సంస్థ తయారుచేసిన ఒకే మోతాదు టీకాకు ఆ దేశం 2025 నవంబరులో అనుమతి ఇచ్చింది. మీ దేశంలో ఏది దొరుకుతుందో, మీ వయసుకు పనికొస్తుందో వైద్యుణ్ణి అడిగే తెలుసుకోవాలి.

పిల్లల జబ్బు అనేవారు, ఇప్పుడు పెద్దవాళ్ళకు ఎందుకొస్తోంది?

థాయ్‌లాండ్‌లో దీన్ని బాగా పరిశీలించారు. జననాల రేటు తగ్గితే వైరస్ సోకని పిల్లలు తక్కువవుతారు, వ్యాప్తి నెమ్మదిస్తుంది. నెమ్మదిస్తే ఒక్కో మనిషికి మొదటిసారి, రెండోసారి సోకే వయసు ముందుకు జరుగుతుంది. పదేళ్ళకు రావాల్సినది ఇరవై ఐదేళ్ళకు వస్తుంది. పిల్లల వార్డుకే పరిమితమైన అనుభవాన్ని ఇప్పుడు పెద్దల వైద్యులు, గర్భిణులను చూసే వైద్యులు నేర్చుకోవాల్సి వస్తోంది.

జ్వరం తగ్గింది, గండం గడిచినట్టేనా?

చాలామంది ప్రాణాలు పోయేది ఈ నమ్మకం వల్లే. డెంగీలో ప్రమాదకరమైన ఘట్టం సాధారణంగా జ్వరం దిగిన తర్వాత మొదలవుతుంది, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. అప్పుడు సన్నని రక్తనాళాల గోడలు వదులై రక్తంలోని ద్రవం బయటికి కారుతుంది. పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. రక్తం చిక్కబడుతుంది, నాళాల్లో ఒత్తిడి పడిపోతుంది.

మంచం పక్కన కూర్చున్నవాళ్ళకు అది ఎలా కనిపిస్తుందో చెబుతాను. నుదురు చల్లగానే ఉంటుంది, థర్మామీటరు మామూలే చూపిస్తుంది. కానీ అరచేతులు, పాదాలు చల్లబడి చెమ్మగా ఉంటాయి. పొట్టలో ఆగని నొప్పి, రోజుకు మూడుసార్లకు మించి వాంతులు. ఉదయం నుంచి మూత్రం రాలేదంటారు. కాసేపు మగతగా పడుకుని, కాసేపు కుదురు లేకుండా దొర్లుతారు. చిగుళ్ళ నుంచి రక్తం కనిపించవచ్చు, మలం నల్లగా రావొచ్చు. మాటలు మాత్రం మామూలుగానే మాట్లాడుతుండవచ్చు, అందువల్ల ఇంట్లోవాళ్ళు మోసపోతారు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈ ఘట్టం ఒకటి రెండు రోజులే ఉంటుంది. ఆ వ్యవధిలో సెలైన్ సరైన మోతాదులో, గంట గంటకూ చూసుకుంటూ ఎక్కిస్తే దాదాపు అందరూ బతుకుతారు. కారిన ద్రవం తర్వాత తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పటికీ సెలైన్ ఎక్కిస్తూనే ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి కొత్త ప్రమాదం వస్తుంది.

ప్లేట్‌లెట్లు పడిపోతే ఎక్కించాలా?

రక్తస్రావం లేకపోతే సాధారణంగా అవసరం లేదు. సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లో పెద్దవాళ్ళపై జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ప్లేట్‌లెట్లు 20 వేలకు పడినా, రక్తస్రావం లేనివారికి ముందుజాగ్రత్తగా ఎక్కించడం వల్ల మేలేమీ జరగలేదు, దుష్ఫలితాలు మాత్రం ఎక్కువయ్యాయి. ప్లేట్‌లెట్ల అంకెను పట్టుకుని బంధువులు రాత్రంతా దాతల కోసం పరుగులు తీస్తుంటారు. ఆ సమయంలో వైద్యుణ్ణి అడగాల్సిన ప్రశ్నలు వేరు: రక్తం ఎంత చిక్కబడింది, బీపీ ఎలా ఉంది, మూత్రం వస్తోందా.

ఏ మందులు వాడకూడదు?

ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. ఒళ్ళు నొప్పులకని ఇచ్చే ఇంజెక్షన్లలో ఇవే ఉండే అవకాశముంది, అడిగి తెలుసుకోండి. జ్వరానికి పారాసిటమాల్, అదీ చెప్పిన మోతాదు మించకుండా. యాంటీబయాటిక్‌లు వైరస్ మీద పనిచేయవు. బొప్పాయి ఆకు రసం గురించి అందరూ అడుగుతారు. అది ప్రాణాపాయాన్ని తప్పిస్తుందని రుజువు కాలేదు. దాన్ని నమ్ముకుని ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేస్తేనే నష్టం.

ఏ పరీక్ష ఎప్పుడు?

మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 (రక్తంలో వైరస్ ప్రోటీన్‌ను పట్టే పరీక్ష), ఆ తర్వాత ఐజీఎం (వైరస్ మీద ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలను చూసే పరీక్ష). రెండోసారి సోకినవాళ్ళలో ఎన్ఎస్1 తొందరగా కనిపించకుండా పోతుంది కాబట్టి నెగెటివ్ వచ్చిందని లక్షణాలను పట్టించుకోకుండా ఉండొద్దు.

వార్తల్లో వచ్చే కేసుల లెక్కను ఎలా చదవాలి?

ముందు అది అనుమానిత కేసులదా, పరీక్షలో తేలినవాటిదా చూడండి. ఒక దేశం జ్వరం లక్షణాలున్న అందరినీ లెక్కపెడుతుంది, మరో దేశం ల్యాబ్‌లో తేలినవాటినే చెబుతుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఈ దేశం మేలు, ఆ దేశం అధ్వానం అనడం తప్పు. తర్వాత, ఈ నెలను పోయిన నెలతో పోల్చకండి. వానాకాలం రాగానే పెరగడం మామూలే. గత ఐదారేళ్ళలో ఇదే వారంలో ఎన్ని వచ్చాయో దానితో పోల్చాలి. పోల్చే ఏళ్ళలో 2020 ఉంటే దాన్ని పక్కన పెట్టండి, లేకపోతే ప్రతి ఏడాదీ భయంకరంగానే కనిపిస్తుంది. మరణాల శాతం కూడా మోసం చేయగలదు. తేలికపాటి కేసులన్నీ నమోదు చేసే చోట అది తక్కువగా, ఆసుపత్రిలో చేరినవారినే లెక్కించే చోట ఎక్కువగా ఉంటుంది.

ఈ ఏడాది మా ప్రాంతంలో కేసులు బాగా తక్కువ. నిశ్చింతగా ఉండొచ్చా?

తగ్గడానికి కారణమేమిటో ముందు కనుక్కోండి. డ్రమ్ములకు మూతలు పడి, టైర్లు తొలగి, కుళాయి రోజూ వస్తుంటే అది మీరు సాధించిన తగ్గుదల. అవేవీ మారకుండా కేసులు తగ్గితే, ఇప్పుడు తిరుగుతున్న రకానికి మనుషులు కరువయ్యారని అనుకోవాలి. మీ ఆరోగ్య శాఖను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: గత మూడేళ్ళలో ఇక్కడ ఏ రకం ఎక్కువగా తిరిగింది, ఈ మధ్య తీసిన నమూనాల్లో వేరే రకం కనిపిస్తోందా? జవాబు "అవును" అయితే, కేసులు ఎంత తక్కువున్నా వచ్చే వానాకాలానికి ఆసుపత్రి మంచాలు, సెలైన్ నిల్వలు, ఇంటింటి తనిఖీ సిబ్బందిని ఇప్పటినుంచే సిద్ధం చేసుకోవాలి. నమూనాల్లో రకమేదో తేల్చే పరీక్షే జరగడం లేదంటే, ముందు అది మొదలుపెట్టమని అడగండి.